పర్మిషన్ డినైడ్: తొమ్మిది అక్షరాల వెనక ఉన్న చరిత్ర

ఈసారి పోస్టు కాస్త పెద్దది. తీరిక చేసుకుని చివరిదాకా చదవండి. పైకి కంప్యూటర్ గొడవలా కనిపించినా ఇది మన రిజిస్టర్ల సంగతి.

మన పెద్దలు షోలాపూర్‌కు మగ్గాల మీద, మిల్లుల్లో పనికి వచ్చినప్పుడు వదిలి వచ్చిన ఊళ్లు, ఇంటిపేర్లు, కట్టిన చందాలు అన్నీ సంఘం పాత రిజిస్టర్లలో తెలుగులో రాసి ఉన్నాయి. కాగితం పొడి అయిపోతోందని వాటిని పేజీ పేజీ స్కాన్ చేయించి ఆఫీసు కంప్యూటర్‌లో పెట్టాం. ఆ కంప్యూటర్‌లో నడిచేది లినక్స్. రోజూ రాత్రి ఆ స్కాన్లను ఇంకో డిస్కులోకి కాపీ చేయడానికి ఒక స్క్రిప్టు రాసిపెట్టాం. స్క్రిప్టు అంటే వేరే ఏమీ కాదు, కంప్యూటర్ ఒకదాని తర్వాత ఒకటి చేయాల్సిన పనుల చీటీ.

ఒక రోజు చూసుకుంటే పదకొండు వారాలుగా కాపీ జరగనే లేదు. రాత్రి నడిచే పనికి అడ్డం వస్తే ఆ ఫిర్యాదు కంప్యూటర్ లోపలి మెయిల్లో పడుతుంది. దాన్ని మేమెవరం తెరవలేదు. తెరిస్తే ప్రతి రాత్రీ ఒకటే మాట: పర్మిషన్ డినైడ్. అనుమతి లేదు అని. కంగారులో మేం చేసిన పని ఏమిటంటే, ఫోల్డరు మొత్తానికి 777 అని కొట్టేశాం, అంటే అందరికీ అన్ని అనుమతులూ ఇచ్చేశాం. మళ్లీ ఆగిపోకూడదని ఆ స్క్రిప్టును రూట్ పేరు మీద నడిచేలా పెట్టాం. రూట్ అంటే ఆ కంప్యూటర్‌కు సర్వాధికారి. మర్నాటి నుంచి కాపీ జరిగింది. పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాం.

కొన్నాళ్లకు కాలేజీలో చదువుతున్న మన అమ్మాయి ఒకరు ఆఫీసుకు వచ్చి, ఆ స్క్రీన్ చూసి అడిగిన మాట ఇది: "బాబాయ్, ఈ చీటీలో ఎవరైనా ఏమైనా రాయొచ్చు. రాత్రి దాన్ని రూట్ కళ్లు మూసుకుని చేస్తుంది. మీకు తెలిసే పెట్టారా?" తెలిసి పెట్టలేదు. ఆ మాట మింగుడుపడక, అసలు ఈ అనుమతుల ఏర్పాటు ఎవరు చేశారు, ఎందుకు చేశారు అని చదవడం మొదలుపెట్టాం. చదివింది మీతో పంచుకుంటున్నాం.

కథ 1961లో మొదలవుతుంది. అమెరికాలోని ఎంఐటీలో ఫెర్నాండో కోర్బాటో బృందం ఆ ఏడాది నవంబరులో సీటీఎస్ఎస్ అనే వ్యవస్థను చూపించింది. అప్పటిదాకా కంప్యూటర్ అంటే ఒకరి పని అయ్యాక ఇంకొకరి పని. సీటీఎస్ఎస్ వచ్చాక ఒకే యంత్రం ముందు చాలామంది ఒకేసారి, ఎవరి టెర్మినల్ దగ్గర వాళ్లు కూర్చుని పని చేసుకోగలిగారు. అక్కడే కొత్త చిక్కు వచ్చింది. ఒకే బీరువాలో అందరి కాగితాలూ ఉంటే ఎవరివి ఎవరు చూడాలి? అందుకే ఆ వ్యవస్థలో ఒక్కొక్కరికీ పాస్‌వర్డు పెట్టారు.

అయినా 1960ల మధ్యలో ఒక రోజు విచిత్రం జరిగింది. లాగిన్ అయినవాళ్లకు మామూలుగా కనిపించే పలకరింపు సందేశం బదులు అందరి పాస్‌వర్డుల జాబితా తెర మీదికి వచ్చింది. ఇద్దరు నిర్వాహకులు ఒకే సమయంలో కూర్చుని ఒకరు సందేశం ఫైలును, ఇంకొకరు పాస్‌వర్డుల ఫైలును దిద్దుతున్నారు. ఎడిటర్ ప్రోగ్రాం తాత్కాలికంగా వాడుకునే ఫైలుకు ఎప్పుడూ ఒకటే పేరు పెట్టేది. నిర్వాహకుడు ఒకరే కూర్చుంటారన్న నమ్మకంతో అలా రాశారు. రెండూ కలిసిపోయాయి. ఎవరికీ చెడు ఉద్దేశం లేదు. "ఇక్కడ మనమే కదా" అన్న నమ్మకమే కొంప ముంచింది. ఈ మాట గుర్తుంచుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాం.

తర్వాత 1965లో ఎంఐటీ, జనరల్ ఎలక్ట్రిక్, బెల్ ల్యాబ్స్ కలిసి మల్టిక్స్ అనే పెద్ద వ్యవస్థను తలపెట్టాయి. అందులో ఒక్కో ఫైలుకూ ఎవరెవరికి ఏ అనుమతి అన్న జాబితా ఉండేది. పకడ్బందీ ఏర్పాటే గానీ పని ఎంతకీ తెమలలేదు. 1969లో బెల్ ల్యాబ్స్ తప్పుకుంది. అక్కడి కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ అదే ఏడాది ఒక చిన్న పాత యంత్రం మీద తమ సొంత వ్యవస్థ రాసుకోవడం మొదలుపెట్టారు. అదే యూనిక్స్. మన ఆఫీసులోని లినక్స్ దాని నమూనాలోనే పుట్టింది.

యూనిక్స్‌కు మొదటి నిజమైన వాడకందారులు ఎవరో తెలుసా? టైపిస్టులు. బెల్ ల్యాబ్స్ పేటెంట్ విభాగం నుంచి ముగ్గురు టైపిస్టులు 1971 రెండో సగంలో రోజంతా కూర్చుని పేటెంట్ దరఖాస్తులు ఆ కంప్యూటర్‌లో కొట్టేవాళ్లు. అదే యంత్రం మీద పక్కన థాంప్సన్, రిచీ కొత్త ప్రోగ్రాములు పరీక్షించేవాళ్లు. ఆ యంత్రంలో ఒక ప్రోగ్రాం ఇంకోదాని జ్ఞాపకాన్ని పాడుచేయకుండా ఆపే ఏర్పాటు లేదు. కొత్త ప్రోగ్రాం ఒకటి తప్పు చేస్తే మొత్తం కూలిపోయి టైపిస్టుల పని కూడా పోవచ్చు. అంటే మన ఆఫీసులాంటిదే. ఒకటే యంత్రం, రకరకాల మనుషులు, ఒకరి పని మీద ఇంకొకరి చేయి పడే భయం.

1971 నవంబరు 3 తేదీతో వచ్చిన మొదటి యూనిక్స్ మాన్యువల్‌లోనే అనుమతులు మార్చే సీహెచ్‌మాడ్ అనే కమాండు ఉంది. అప్పటి ఏర్పాటు చాలా పొదుపైనది. ఫైలుకు ఒక యజమాని. యజమాని చదవొచ్చా, రాయొచ్చా? మిగతావాళ్లు చదవొచ్చా, రాయొచ్చా? ఈ నాలుగు ప్రశ్నలకు నాలుగు గుర్తులు. ఐదోది, ఈ ఫైలును ప్రోగ్రాంలా నడపొచ్చా అన్నది. ఆరోది సెట్ యూఐడీ. దాని సంగతి కాసేపట్లో చెబుతాం. మల్టిక్స్‌లోని పొడవాటి జాబితాల స్థానంలో ఆరంటే ఆరే గుర్తులు. చిన్న యంత్రంలో పట్టాలి, మనిషి చూడగానే అర్థం కావాలి. అంతే వాళ్లు కోరుకున్నది.

కానీ "నేను, మిగతా లోకం" అనే రెండు ముక్కలు సరిపోలేదు. కలిసి పనిచేసే నలుగురు ఉంటారు కదా! థాంప్సన్, రిచీ 1974లో యూనిక్స్ మీద ప్రచురించిన వ్యాసంలో చదవడం, రాయడం, నడపడం అనే మూడు అనుమతులు యజమానికి, ఇతరులకు మాత్రమే చెప్పారు. మొత్తం ఆరు. 1978లో అదే వ్యాసాన్ని సవరించి వేసినప్పుడు మధ్యలో మూడో వరస వచ్చి చేరింది, అదే గ్రూపు. మొత్తం తొమ్మిది. ఈ రోజుకీ కంప్యూటర్‌లో ఎల్ఎస్ మైనస్ ఎల్ అని కొడితే ఫైలు పేరుకు ముందు కనిపించేవి ఆ తొమ్మిదే. ఆర్ అంటే చదవడం, డబ్ల్యూ అంటే రాయడం, ఎక్స్ అంటే నడపడం. మొదటి మూడు యజమానివి, తర్వాతి మూడు గ్రూపువి, చివరి మూడు మిగతా అందరివీ.

సంఘం మనుషులకు ఇది వేరే చెప్పనక్కర్లేదు. కార్యదర్శి రిజిస్టరులో రాస్తారు. కమిటీ వాళ్లు తెరిచి చూస్తారు. దారిన పోయేవాళ్లకు బీరువా తాళం ఇవ్వం. ఆ అంకెల లెక్క కూడా ఇదే. చదవడానికి 4, రాయడానికి 2, నడపడానికి 1. మూడూ కలిస్తే 7, చదివి నడపడానికి 5. అలా 750 అంటే యజమానికి అన్నీ, కమిటీకి చదవడం నడపడం, మిగతావాళ్లకు సున్నా. 777 అంటే బీరువాకు తలుపులే తీసేయడం. ఇంకో విశేషం, కంప్యూటర్ ముందు మీరు యజమానా అని చూస్తుంది. అవునైతే మొదటి మూడు గుర్తులు మాత్రమే చూసి ఆగిపోతుంది. మిగతావాళ్లకు చదివే అనుమతి ఉండి యజమానికి లేకపోతే, యజమానినే గుమ్మంలో ఆపేస్తుంది.

ఫోల్డరు విషయంలో ఇవే అక్షరాలకు అర్థం మారుతుంది. ఫోల్డరుకు చదివే అనుమతి ఉంటే లోపలి పేర్లు చూడొచ్చు. ఎక్స్ ఉంటేనే అందులోంచి దాటి లోపలి ఫైలు దగ్గరికి వెళ్లొచ్చు. రాసే అనుమతి ఉంటే, దానికి ఎక్స్ కూడా తోడైతే, లోపలి ఫైళ్లను చెరిపేయొచ్చు. ఆ ఫైళ్లలో ఒక్క అక్షరం రాసే హక్కు లేకపోయినా సరే. ఈ చివరి మాట మాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఎంత ఆలస్యంగానో కింద చెబుతాం.

ఇక స్క్రిప్టు దగ్గరికి వద్దాం. ప్రోగ్రాం అంటే యంత్రానికి సూటిగా అర్థమయ్యే అంకెలు. స్క్రిప్టు మనిషి రాసిన చీటీ, దాన్ని చదివి చేసిపెట్టడానికి మధ్యలో ఇంకో ప్రోగ్రాం కావాలి. 1979లో వచ్చిన యూనిక్స్ ఏడో ఎడిషన్ దాకా ఈ పని దొడ్డిదారిన జరిగేది. ఎక్స్ గుర్తు ఉన్న చీటీని నడపమంటే, వ్యవస్థకు గుండెకాయలాంటి కెర్నల్ "ఇది ప్రోగ్రాం కాదు" అని తిప్పి పంపేది. అప్పుడు మన కమాండ్లు వినే షెల్ దాన్ని తీసుకుని తానే చదివి చేసేది. 1980 జనవరిలో డెనిస్ రిచీ దీన్ని మార్చారు. చీటీ మొదట #! అనే రెండు గుర్తులుంటే, ఆ వరసలో పేరున్న ప్రోగ్రాంను పిలిచి కెర్నలే చీటీని దాని చేతికి ఇస్తుంది. స్క్రిప్టుకు కూడా ప్రోగ్రాంతో సమానమైన హోదా వచ్చింది.

ఆ హోదాతో పాటే ఒక మెలిక ఉంది. మామూలు ప్రోగ్రాంకు ఎక్స్ ఒక్కటి ఉంటే చాలు, నడుస్తుంది. స్క్రిప్టును చదివి చేసేది మధ్యవర్తి కాబట్టి ఎక్స్‌తో పాటు చదివే అనుమతి కూడా ఉండాలి. రెండింటిలో ఏది లేకపోయినా వచ్చే మాట ఒకటే, పర్మిషన్ డినైడ్. ఎక్స్ లేకపోయినా షెల్ పేరు ముందు పెట్టి చీటీని చదవమంటే మాత్రం చదివి చేసేస్తుంది, ఎందుకంటే అప్పుడు నడిచేది షెల్, మన చీటీ కేవలం చదివే కాగితం.

ఇప్పుడు ఆరో గుర్తు సంగతి. మామూలుగా ఎవరు నడిపితే ప్రోగ్రాం వాళ్ల అధికారంతోనే నడుస్తుంది. సెట్ యూఐడీ గుర్తు పెడితే, ఎవరు నడిపినా ఆ ఫైలు యజమాని అధికారంతో నడుస్తుంది. మీ పాస్‌వర్డు మీరే మార్చుకోవాలి, కానీ పాస్‌వర్డుల ఫైలు మీ చేతికి ఇవ్వకూడదు. అలాంటి చిక్కుకు విడుపు ఇది. డెనిస్ రిచీ ఆలోచన. దీనికి 1973లో పేటెంటు దరఖాస్తు చేస్తే 1979లో వచ్చింది. బెల్ ల్యాబ్స్ దాన్ని అందరూ వాడుకోవడానికి వదిలేసింది. గొప్ప ఉపాయమే, కానీ అజాగ్రత్తగా పెడితే ఏమవుతుందో 1986లో లోకం చూసింది.

ఈ ముక్క మన కోశాధికారులు తప్పక చదవాలి. ఆ ఏడాది ఆగస్టులో కాలిఫోర్నియాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబ్‌లో క్లిఫ్ స్టోల్ అనే ఖగోళ శాస్త్రవేత్తకు ఒక చిన్న పని అప్పగించారు. కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్లు తేడా వచ్చింది, ఎందుకో చూడమన్నారు. ముప్పావు డాలరు! ఇంకెవరైనా జేబులోంచి వేసి లెక్క సరిచేసేవారు. స్టోల్ వదల్లేదు. లాగితే బయటివాడు ఒకడు ఆ కంప్యూటర్‌లో దూరి తిరుగుతున్నాడని తేలింది.

వాడు లోపల సర్వాధికారి ఎలా అయ్యాడు? ఈమ్యాక్స్ అనే ఎడిటర్‌తో మూవ్‌మెయిల్ అనే చిన్న ప్రోగ్రాం వచ్చేది. వచ్చిన ఉత్తరాలను ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరపడం దాని పని. ఆ ల్యాబ్‌లో దానికి రూట్ అధికారంతో నడిచే గుర్తు పెట్టారు. దేన్ని ఎక్కడికి జరుపుతున్నానన్నది అది చూసుకునేది కాదు. ఆ కంప్యూటర్‌లో ఐదేసి నిమిషాలకు ఒకసారి రూట్ పేరు మీద దానంతట అది నడిచే ఏట్‌రన్ అనే పని ఉండేది. దొంగ తన ప్రోగ్రాంను మూవ్‌మెయిల్ చేత ఏట్‌రన్ స్థానంలోకి జరిపించాడు. ఐదు నిమిషాలు ఆగాడు. వ్యవస్థ తనంతట తానే వాడికి తాళాలు అందించింది. వాడు పశ్చిమ జర్మనీలోని హానోవర్‌కు చెందిన మార్కుస్ హెస్. దొరికిన సమాచారాన్ని సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్న ముఠా మనిషి. 1990లో జర్మనీ కోర్టు గూఢచర్యం కింద దోషిగా తేల్చింది.

ఇప్పుడు ఆ అమ్మాయి మాట మళ్లీ చదవండి. దానంతట అది రూట్ పేరు మీద నడిచే పని ఒకటి. ఆ పని స్థానంలో ఎవరైనా తమ సొంతది పెట్టగల వీలు ఒకటి. బర్క్‌లీలో ఆ రెండో ముక్క కోసం దొంగ మూవ్‌మెయిల్ కన్నం వెతుక్కోవాల్సి వచ్చింది. మన ఆఫీసులో 777 కొట్టి ఆ కన్నం మేమే పెట్టి ఇచ్చాం.

ఇంతకీ మన స్క్రిప్టు మొదట ఎందుకు ఆగింది? ఫిర్యాదు వాక్యంలో ఫైలు పేరు ఉంది. మేం పర్మిషన్ డినైడ్ అన్న ముక్క చదివాం గానీ దాని ముందున్న పేరు చదవలేదు. అది స్క్రిప్టు పేరు కాదు, స్క్రిప్టు తన పని లెక్క రాసుకునే లాగ్ ఫైలు పేరు. ఒక రోజు మాలో ఒకరు స్క్రిప్టును పరీక్షిద్దామని సుడో పెట్టి, అంటే రూట్ అధికారం అరువు తెచ్చుకుని నడిపారు. పాత లాగ్ ఫైలు అప్పుడే తీసేసి ఉండటంతో కొత్తది రూట్ పేరు మీద పుట్టింది. ఆ రాత్రి నుంచి మామూలు పేరుతో నడిచే పనికి అందులో రాసే హక్కు లేదు. లాగ్ తెరుచుకోకపోతే మేం రాసిన వరసలోని మిగతా పని మొదలే కాదు. ఒక్క ఫైలు యజమాని పేరు మారిస్తే తీరిపోయే పనికి బీరువా తలుపులన్నీ తీసేశాం.

అందుకే ఇలాంటి మాట కనిపించినప్పుడు ఏ వరసలో చూడాలో రాస్తున్నాం. మొదట, ఏ ఫైలు పేరు చెప్పి ఆపిందో చదవాలి. రెండు, ఆ పని ఎవరి పేరు మీద నడుస్తోంది? పగలు మనం నడిపే పేరు, రాత్రి నడిచే పేరు ఒకటేనా? మూడు, ఆ ఫైలు యజమాని ఎవరు, తొమ్మిది అక్షరాలు ఏమంటున్నాయి? స్క్రిప్టు అయితే చదివే అనుమతి, ఎక్స్ రెండూ ఉన్నాయా? నాలుగు, ఆ ఫైలు దాకా వెళ్లే దారిలోని ప్రతి ఫోల్డరుకూ ఎక్స్ ఉందా? నేమ్ఐ మైనస్ ఎల్ అనే కమాండు దారి మొత్తం చూపిస్తుంది. ఐదు, ఆ డిస్కును అసలు ఏదీ నడపకూడదన్న షరతుతో తగిలించారా? అలాగైతే ఎక్స్ ఉన్నా నేరుగా నడవదు. మనం వాడే పెన్‌డ్రైవుల్లో చాలావాటికి ఈ తొమ్మిది అక్షరాలు దాచుకునే చోటే ఉండదు, అక్కడ సీహెచ్‌మాడ్ కొట్టినా నిలవదు. ఇక విండోస్‌లో దిద్దిన చీటీ మొదటి వరస చివర కనబడని అక్షరం ఒకటి చేరి, మధ్యవర్తి ప్రోగ్రాం దొరకలేదని మొరాయిస్తుంది. అది అనుమతి గొడవ కాదు, దానికి 777 మందు కానే కాదు.

ఇప్పుడు చెప్పక తప్పని సంగతి. 777 ఉన్న ఆ రోజుల్లో ఒక రిజిస్టరు స్కాన్ల ఫోల్డరు మొత్తం చెరిగిపోయింది. కాపీ స్క్రిప్టు ఇక్కడ లేనిదాన్ని అక్కడా తీసేసేలా రాసి ఉంది. అంచేత ఆ రాత్రికే రెండో డిస్కులో కూడా పోయింది. ఎవరు చేశారని అడగలేదు. ఎవరి చేయి తగిలినా చెరిగేలా పెట్టింది మేమే. కాగితం రిజిస్టరు ఉంది కదా అని మళ్లీ స్కాన్‌కు కూర్చున్నాం. మొదటిసారి చదవగలిగిన నాలుగు పేజీల అంచులు ఈసారి చేతిలో పొడి అయ్యాయి. ఆ అంచుల మీద ఊళ్ల పేర్లున్నాయి. కొన్ని కుటుంబాలకు "మా వాళ్లు ఫలానా ఊరి నుంచి వచ్చారు" అని చెప్పే కాగితం అదొక్కటే. ఆ ఇళ్ల పెద్దలకు మేం స్వయంగా వెళ్లి చెప్పాం, ఇక్కడ కూడా చెబుతున్నాం. తప్పు మాదే.

ఇప్పుడు చేసిన మార్పులు ఇవి. స్కాన్లకు ఒక యజమాని పేరు, కమిటీకి ఒక గ్రూపు పెట్టాం. గ్రూపు వాళ్లు చూడగలరు, చెరపలేరు. కాపీ పని రూట్ పేరు మీద కాకుండా దానికోసమే పెట్టిన వేరే పేరు మీద నడుస్తోంది. ఆ స్క్రిప్టును, అది ఉన్న ఫోల్డరును మార్చే హక్కు ఆ పేరుకు కూడా లేదు. చెరిపినవి కాపీలో వెంటనే పోకుండా కొన్నాళ్లు నిలిచేలా మార్చాం. రాత్రి ఫిర్యాదు వస్తే ఇద్దరి ఫోన్లకు కబురు వెళ్తుంది.

సీటీఎస్ఎస్ కాలంలో "ఇక్కడ మనమే కదా" అనుకున్నారు. మేమూ అదే అనుకున్నాం. సంఘంలో నమ్మకం ఉండాల్సిందే, కానీ చందా డబ్బుకు రసీదు రాయడం నమ్మకం లేక కాదు కదా! ఈ అక్షరాలు కూడా అలాంటివే. వచ్చే మహాసభలో రూట్ పాస్‌వర్డు ఎవరి దగ్గర ఉండాలి, గ్రూపులో ఎవరెవరు ఉండాలి అన్నది అజెండాలో పెడుతున్నాం. పిల్లల్లో కంప్యూటర్ తెలిసినవాళ్లను కూడా వెంట తీసుకురండి. ఇళ్లలో పాత ఉత్తరాలు, పెళ్లి శుభలేఖలు ఉంటే అవీ తీసుకురండి. ఆ నాలుగు పేజీల్లోని ఊళ్ల పేర్లు వాటిలో దొరుకుతాయేమో చూద్దాం.